కొలిచిన కీళ్ళు - కొలవని బరువు

సుల్తాన్ బజార్ సర్జికల్ దుకాణాల్లో గోనియోమీటర్ అని ఒక పనిముట్టు దొరుకుతుంది. బడిపిల్లల జామెట్రీ పెట్టెలో వుండే కోణమానినికి రెండు పొడుగాటి రేకులు తగిలించినట్టు వుంటుంది. ఒక రేకును తొడ వెంట, రెండోదాన్ని పిక్క వెంట ఆనించి పెడితే మోకాలు ఎన్ని డిగ్రీలు ముడుచుకుంటున్నదో చెబుతుంది. మేం ఒకటి కొన్నాం. కోఠిలో పాత పుస్తకాలు అమ్మేచోట ఎముకల వైద్యం మీద, ఫిజియోథెరపీ మీద నాలుగైదు పుస్తకాలు కూడా కొన్నాం. మాలో ఎవరమూ డాక్టర్లం కాదు. పాఠాలు చెప్పుకునేవాళ్ళం, పరిశోధన చేసుకునేవాళ్ళం. మరి ఇవి మాకెందుకు అంటే, నల్లగొండ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ వల్ల.

హైదరాబాద్‌లో ఒక నాంపల్లి వుంది. నల్లగొండ జిల్లాలో ఇంకో నాంపల్లి వుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరులతో పాటు ఫ్లోరిన్ నీళ్ళ వార్తల్లో దశాబ్దాల తరబడి వినపడుతూ వచ్చిన మండలం అది. ఆ నాంపల్లివాళ్ళు పెద్ద డాక్టరుకు ఎముకలు చూపించుకోవాలంటే ఈ నాంపల్లి పక్కకు, కోఠికి, ఉస్మానియాకు రావాలి. గౌలిగూడ బస్టాండులో దిగి, తోపుడు బళ్ళ మధ్య నుంచి, ఆటోలను తప్పించుకుంటూ పుత్లీబౌలి మీదుగా నడిచి రావాలి. నడక పోయిందని చెప్పుకోడానికి ముందు ఇంత దూరం నడవాలి.

పెద్దమ్మది ఆ వైపు ఒక మాదిగవాడ. ఆమె పేరు, ఊరి పేరు రాయడం లేదు. వికలాంగుల పింఛను కోసం సర్టిఫికెట్ పరీక్షకు వెళుతుంటే మేం తోడు వెళ్ళాం. 2018కి ముందటి సంగతి. అది ఏ ఆసుపత్రి అన్నది అప్రస్తుతం, ఎక్కడైనా అదే జరిగి వుండేది. డాక్టరు మర్యాదస్తుడు. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. నడవమన్నాడు, నడిచింది. మళ్ళమన్నాడు, మళ్ళింది. కూర్చోమన్నాడు. గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, సగం దాకా కూర్చుంది. మెట్లు ఎక్కమన్నాడు, కడ్డీ పట్టుకుని ఎక్కింది. చివరికి వచ్చిన శాతం నలభైకి తక్కువ. 1995 వికలాంగుల చట్టం ప్రకారం నలభై లేకపోతే లెక్కలో లేనట్టే. 2016 చట్టం కూడా సౌకర్యాల దగ్గర ఆ నలభై గీతనే వుంచింది. పెద్దమ్మ లేచి నిలబడి అన్నది: "ఒట్టిగ నడువుమంటె నడుస్త గద సారూ. నెత్తి మీద గంప వెట్టి నడువుమను, అప్పుడు సూడు."

"దానికి కాలమ్ లేదమ్మా" అన్నాడు డాక్టరు.

మనిషి నడక మీద, నిలకడ మీద, కీళ్ళ కదలిక మీద మేం ఆ తర్వాత చదివిన వాటిలో ఇంతకంటే నిజమైన వాక్యం దొరకలేదు. ఆ లేని కాలమ్ గురించే ఈ వ్యాసం.

ముందు ఆ కొలతల పట్టికనే చూద్దాం. 2001లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ ప్రకటించిన మార్గదర్శకాల్లో కాళ్ళ వైకల్యాన్ని రెండుగా విడదీశారు. ఒకటి కదలిక. అంటే తుంటి, మోకాలు, చీలమండ ఎన్ని డిగ్రీలు కదులుతాయి, కండరాల్లో బలం ఎంత అన్నది. ఇది గోనియోమీటర్ పని. రెండోది నిలకడ. దీనికి తొమ్మిది పనులు పెట్టారు: చదునైన నేల మీద నడవడం, ఏటవాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ళ మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, నేల మీద గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకు కూర్చోవడం, మోకాళ్ళ మీద నిలబడడం, పక్కకు మళ్ళడం. ఒక్కోదానికి పది, మొత్తం తొంభై.

ఈ పట్టికను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. పడమటి దేశాల పట్టికల పక్కన పెడితే ఇది చాలా నయం. తుంటి ఆపరేషన్ తర్వాత రోగి ఎలా వున్నాడో తేల్చడానికి 1969లో అమెరికాలో హారిస్ అనే సర్జను ఒక వంద మార్కుల పద్ధతి తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ మన దగ్గర పీజీ విద్యార్థులు థీసిస్‌లలో వాడతారు. అందులో మేజోళ్ళు, బూట్లు తొడుక్కోవడానికి నాలుగు మార్కులు. మామూలు కుర్చీలో గంటసేపు సుఖంగా కూర్చోవడానికి అయిదు. ఎంత దూరం నడవగలరన్నది అమెరికా పట్నపు వీధుల లెక్కన, ఆరు బ్లాకులా, రెండు మూడు బ్లాకులా అని అడుగుతుంది. బస్సు లాంటిది ఎక్కగలిగితే ఒకే ఒక్క మార్కు. గొంతుకూర్చోవడం అందులో లేదు. నేల మీద కూర్చోవడం అసలే లేదు. కోఠిలో కదిలే బస్సు కమ్మీ పట్టుకుని వేలాడే మనిషి తుంటికి వచ్చేది వందలో ఒక మార్కు అన్నమాట!

కాబట్టి మన పట్టిక రాసినవాళ్ళకు నేల గుర్తుంది. చేతుల వైకల్యం పట్టికలో వాళ్ళు మన పద్ధతిలో అన్నం తినడాన్ని, చెంబుతో కడుక్కోవడాన్ని, ధోవతి గానీ పైజమా నాడా గానీ కట్టుకోవడాన్ని కూడా చేర్చారు. మంచిదే. అయితే ఆ నేల ఎవరి నేల? ఇంట్లో పీట వేసుకుని భోజనానికి కూర్చునే నేల. పూజకు బాసింపట్టు వేసే నేల. బురదలో నడుము వంచి నాటు వేసే నేల కాదు, గంప దించి మళ్ళీ ఎత్తుకునే నేల కాదు. తొమ్మిది పనుల్లో ఒక్కటి కూడా బరువుతో చేసేది లేదు. పైగా అన్నిటికీ సమానంగా పది. కమోడ్ వున్న ఇంటి మనిషి గొంతుకూర్చోలేకపోతే పది పోతాయి. చెలక గట్టుకు బయటికి పోవాల్సిన ముసలమ్మ గొంతుకూర్చోలేకపోయినా పదే పోతాయి. ఒకరికి పోయింది ఒక భంగిమ, ఇంకొకరికి పోయింది బతుకుదెరువూ మానమూ. సమానత్వం అనే మాట కొన్నిచోట్ల ఎంత అన్యాయంగా పనిచేస్తుందో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఈ బరువు సంగతి నడక శాస్త్రానికి తెలియదా? తెలుసు. జర్మనీలో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు 1890లలో మనిషి నడకను ఫొటోల సాయంతో, లెక్కలతో మొదటిసారి మూడు కొలతల్లో కట్టారు. 1895లో అచ్చయిన వాళ్ళ మొదటి భాగం పేరులోనే ఒట్టి మనిషి, బరువు మోసే మనిషి ఇద్దరూ వున్నారు. కానీ ఆ బరువు ఏమిటి? సైనికుడి సంచీ, తుపాకి. సైన్యానికి కావలసిన బరువు గనక దాన్ని కొలిచారు. ఇటుకలు, ఎరువు గంప, చచ్చిన పశువు, దవాఖాన చెత్త - వీటిని మోసేవాళ్ళ నడక ఏ రాజ్యానికీ అంత అవసరం అనిపించలేదు. 1964లో అమెరికాలో మేరీ పాట్ మరే, ఆమె సహచరులు 'నార్మల్' పురుషుల నడక మీద రాసిన వ్యాసం ఈ రంగంలో పునాది రాయి లాంటిది. అరవై మంది పురుషులను కొలిచారు. 'నార్మల్' స్త్రీల వ్యాసం రావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. నార్మల్ అంటే ఎవరు అన్న ప్రశ్న మేం కొత్తగా వేస్తున్నది కాదు, ఆ శాస్త్రమే దాన్ని అప్పుడప్పుడూ తనకు తాను వేసుకుంటూ వచ్చింది. కాకపోతే కులం దగ్గర ఆగిపోయింది.

తల మీద బరువు మోసే ఆఫ్రికా స్త్రీల మీద 1986లో, 1995లో 'నేచర్' పత్రికలో వ్యాసాలు వచ్చాయి. తమ బరువులో అయిదో వంతు దాకా తల మీద పెట్టుకున్నా వాళ్ళకు అదనంగా శక్తి ఖర్చు కావడం లేదని తేల్చారు. అద్భుతమైన విషయమే. అయినా దాన్ని చదివినప్పుడు మాకు కొంచెం భయం కూడా వేసింది. 'వాళ్ళకు అలవాటే, బరువు తెలియదు' అనే మాట మన ఊళ్ళల్లో దొరలు ఎప్పటి నుంచో అంటున్నదే. దానికి సైన్సు ముద్ర దొరికితే ఎట్లా? శక్తి ఖర్చు కాకపోవచ్చు, మెడ ఎముకల మాటేమిటి? ఫ్లోరిన్ పట్టిన మెడ అయితే?

ఇక కుర్చీ. ముసలివాళ్ళ నిలకడ కొలవడానికి ప్రపంచమంతా వాడే పరీక్ష ఒకటుంది, 1991లో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ప్రతిపాదించింది. చేతులున్న కుర్చీ, సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తు. అందులోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, మళ్ళి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. కాళ్ళకు రోజూ వేసుకునే పాదరక్షలు వుండాలి. చవకైన పరీక్ష, పనికొచ్చే పరీక్ష. కాదనడం లేదు. కానీ దీన్ని మన వాడల్లోకి తీసుకెళ్ళి చూడండి. మేం చూశాం. పంచాయతీ ఆఫీసు నుంచి కుర్చీ తెచ్చి వేసి కూర్చోమంటే డెబ్భై ఏళ్ళ ముసలాయన కుర్చీ అంచున, చేతులు తొడల మధ్య పెట్టుకుని, ఎప్పుడు లేవమంటారా అన్నట్టు కూర్చున్నాడు. జీవితంలో ఎక్కువ కాలం ఆయన్ని కుర్చీలో కూర్చోనివ్వలేదు. దొర వస్తుంటే మంచం మీంచి కూడా లేచి నిలబడిన మనిషి. ఆయన లేచిన వేగం ఆయన కండరాల బలమా, ఆయన భయమా? స్టాప్‌వాచ్‌కు తెలియదు. పాదరక్షల సంగతికొస్తే, చెప్పులు చేసిన కులమే చెప్పులు చేతబట్టుకుని దొర గడీ ముందు నడిచిన దేశంలో 'రోజూ వేసుకునే పాదరక్షలు' అనే మాట ఎంత అమాయకంగా వుంది! నడవడం అనేది ఇక్కడ ఎన్నడూ ఒట్టి కీళ్ళ వ్యవహారం కాదు. 1924, 25లో కేరళలో వైకోం గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం ఏడాదికి పైగా సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. ఏ రోడ్డు మీద, ఎవరి ముందు, ఏ పక్కకు ఒదిగి నడవాలో నేర్చుకున్న తర్వాతే మన తాతలు నడక నేర్చుకున్నారు.

ఫ్లోరోసిస్ దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద నడక, కీళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో ఇంత సుదీర్ఘమైనది ఇంకోటి మా దృష్టికి రాలేదు. 1937లో నెల్లూరు జిల్లా మీద షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చింది. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే వుండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళాయి. ఈ చరిత్ర చెప్పే పుస్తకాల్లో ఒక సంగతి మామూలు విషయంలా రాస్తారు: జబ్బును ముందు పసిగట్టింది రైతులట, 1930ల మొదట్లో, దుక్కిటెద్దుల్లో. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని చూశారట. మనుషుల్లో అదే జబ్బు వుందని తేలింది ఆ తర్వాత.

దీన్ని చదివి మేం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఎద్దు వెనక ఒక మనిషి నడుస్తాడు కదా. నాగలి మేడి పట్టుకుని, అదే చాలులో, అదే నీళ్ళు తాగి. సొంతంగా దున్నుకునే రైతు కావచ్చు. చాలా కమతాల్లో అయితే పాలేరు, జీతగాడు, మాల మనిషో మాదిగ మనిషో. ఎద్దు కుంటితే దున్నకం ఆగుతుంది, ఎద్దుకు వెల వుంది. పాలేరు కుంటితే ఇంకో పాలేరు వస్తాడు. పరిశోధకుల మీద ఇది నింద కాదు, వాళ్ళు మనుషుల్ని చూశారు, రాశారు. ఒక సమాజం ఎవరి నడకను ముందు గమనిస్తుందో చెప్పే సాక్ష్యంగా దీన్ని చదవాలని మాత్రమే మా మనవి.

నిజాం రాజ్యంలో ఫ్లోరోసిస్ మీద దావర్ రాసిన వ్యాసం 1945 నాటిది. ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా మీద రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. సరిగ్గా అదే నెలలో, డిసెంబరు 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. అంటే నల్లగొండ ఎముకల సంగతి లండన్ పత్రికకు తెలిసిన నెలలోనే నల్లగొండ అంచున కృష్ణకు అడ్డంగా ఆనకట్ట మొదలైంది. ఆ నీళ్ళు ఎవరి పొలాలకు పారాయి, మర్రిగూడ బిందెలోకి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది అన్నది మళ్ళీ చెప్పనక్కరలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండలో నామినేషన్లు వెల్లువెత్తి 480 మంది అభ్యర్థులు నిలబడితే, బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయి అక్కడ పోలింగే వాయిదా వేశారు. నీళ్ళు అడగడానికి ప్రజాస్వామ్యాన్ని అంతగా సాగదీయాల్సి వచ్చింది.

పరిశోధకులు అడగాల్సిన ప్రశ్న అడిగిన సందర్భం కూడా ఒకటుంది. దాన్ని గౌరవంగా చెప్పాలి. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అంతవరకు ఫ్లోరోసిస్ అంటే వెన్ను కర్రలా బిగుసుకుపోవడం. సందుల్లో ఎముక పెరిగి, నరాలు నొక్కుకుపోయి, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం. వీళ్ళు ఇంకోటి చూశారు. కుర్రవాళ్ళల్లో మోకాళ్ళు లోపలికి ఒరుసుకుంటూ పాదాలు ఎడంగా పోయే వంకర, దాంతో పాటు ఎముకలు గుల్లబారడం. నీళ్ళు ఒకటే కారణం అని వదిలేయకుండా కంచంలోకి చూశారు. కంచంలో జొన్న వుంది. 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య జరిపిన పరిశీలనలో అన్నం తిన్నప్పటి కంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదని తేలింది. ఆ ప్రాంతపు జొన్నలో మాలిబ్డినం సంగతి, సాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి నేల తీరు మారిన సంగతి కూడా ఆ సంస్థవాళ్ళు చర్చించారు. ఆనకట్టకూ కుర్రవాడి మోకాలికీ మధ్య గీత గీయగలిగిన శాస్త్రం అది. మామూలు విషయం కాదు.

అయితే ఆ గీతను ఇంకో అడుగు పొడిగించాలని మేం అంటాం. జొన్న ఎవరి కంచంలో వుంది? వరి అన్నం పండగనాడు మాత్రమే చూసిన ఇళ్ళు ఏ వాడల్లో వున్నాయి? పాలు, పెరుగు వుంటే సున్నం దొరికి ఎముకకు కొంత కాపుదల. ఆ పాడి ఎవరింట్లో? 'జొన్న తినే జనాభా' అని రాస్తే అదేదో ఒక ప్రాంతపు అలవాటులా కనిపిస్తుంది. జొన్న తప్ప దొరకని జనాభా అని రాస్తే అది కూలి రేటు సంగతి, భూమి సంగతి, కులం సంగతి అవుతుంది.

'ఫ్లోరిన్ కులం చూడదు, రెడ్డికీ వస్తుంది, మాదిగకూ వస్తుంది' అని మాతో వాదించిన మిత్రులున్నారు. నిజమే. నీటి రాయి కులం చూడదు. ఆ మండలాల్లో అన్ని కులాల ఇళ్ళల్లోనూ వంకర కాళ్ళున్నాయి, బీసీ ఇళ్ళల్లో మరీ వున్నాయి. మా వాదన ఫ్లోరిన్ మనువాది అని కాదు. ఏ మనిషి ఏ నీళ్ళు తాగింది, ఎన్నేళ్ళు తాగింది, తాగి ఏం పని చేసింది, నొప్పి మొదలయ్యాక ఆ పని మానగలిగిందా, ఊరు విడిచి పోగలిగిందా, నీళ్ళు కొనుక్కోగలిగిందా - వీటి దగ్గర కులం వుంది. ఊరి చేదబావి దగ్గరికి రానివ్వని రోజుల్లో వాడవాళ్ళు చెలిమ తోడుకున్నారు. తర్వాత ప్రభుత్వం హరిజనవాడకు బోరింగు వేయించింది. మేమంతా దాన్ని విజయం అనుకున్నాం, 1927లో మహాద్ చెరువు దగ్గర అంబేద్కర్ దోసిలి పట్టిన నీళ్ళకు అది కొనసాగింపు అనుకున్నాం. ఆ బోరింగు ఎంత లోతు నుంచి ఏ రాతి నీళ్ళు తెచ్చింది? ఊరి బావి నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్, వాడ బోరింగులో ఎంత? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పే ప్రమాణం ఊరికంతటికీ ఒకే అంకె వేస్తే ఈ తేడా ఎక్కడ కనపడుతుంది? ఒక్కో బావికి విడిగా రాసి, ఆ బావి ఎవరిది అని పక్కన రాయాలి. నీళ్ళు కొలిచిన చోటే కులం కూడా రాయాలి. అప్పుడు తేడా లేదని తేలితే మేం ఒప్పుకుంటాం.

2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అందులో ఊళ్ళో చేయదగిన మూడు పరీక్షలున్నాయి. మోకాళ్ళు వంచకుండా ఒంగి కాలివేళ్ళు ముట్టుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు చాపి, మడిచి, తల వెనక తాకాలి. ఎక్స్‌రే అక్కరలేదు, ఆశా కార్యకర్త కూడా చూడగలదు. మాకు ఈ పరీక్షలంటే ఇష్టం. అయినా వాడలో వీటిని చేయించినప్పుడు ఒక విచిత్రం గమనించాం. "ఒంగు" అనగానే ఆడవాళ్ళు మోకాళ్ళు వంచే ఒంగారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, ఊడ్చేటప్పుడు నడుము బిగిసిన మనిషి మోకాళ్ళతో, తుంటితో ఎట్లాగో సర్దుకుని పని వెళ్ళదీస్తుంది. ఒళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్న ఉపాయం అది. పరీక్ష ఆ ఉపాయాన్ని తప్పు అంటుంది. సర్టిఫికెట్ దగ్గరేమో అదే ఉపాయాన్ని సామర్థ్యం అంటుంది, శాతం తగ్గిస్తుంది. ఎటు చూసినా నష్టం ఆమెదే. ఒక ముసలామె అయితే నవ్వి "ఒంగుడు మాకు నేర్పుతున్నవా బిడ్డా" అన్నది. దొర కాళ్ళ ముందు, దొరసాని వాకిట్లో, పొలంలో, పాకీ దొడ్లో ఒంగినవాళ్ళు ఆ మాట అంటే దాన్ని వైద్య పుస్తకంలో ఏ పేజీలో రాయాలి?

శివన్నగూడెం అంశల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ముందు పెట్టారు. ఆయన 2022 జనవరిలో చనిపోయేదాకా ఎందరో నాయకులు, ఎన్నో కెమెరాలు ఆ శరీరాన్ని చూశాయి. ఉద్యమానికి అది అవసరం అయింది, కాదనలేం. స్వామి ఒట్టి చూపుడు వస్తువుగా వుండిపోలేదు, తనే మాట్లాడాడు, పోరాడాడు. కానీ మాకు ఒక బెంగ వుంది. మరీ వంకరపోయిన శరీరమే ఫ్లోరోసిస్ అనే బొమ్మ అలవాటయ్యాక, నడవగలిగే పెద్దమ్మ ఎవరికీ కనపడదు. కెమెరాకూ కనపడదు, గోనియోమీటర్‌కూ కనపడదు. 2016లో మిషన్ భగీరథ మొదలై ఇళ్ళకు నది నీళ్ళు వచ్చాయి. పిల్లల పళ్ళకు, ఎముకలకు అది మేలు. బిగిసిపోయిన వెన్ను మాత్రం నల్లా తిప్పితే సడలదు.

మా తప్పు కూడా రాయాలి. కారంచేడు, చుండూరుల తర్వాత మేం కులం అంటే కత్తిపోటులో చూశాం, గ్లాసులో చూశాం, పుస్తకంలో చూశాం. ఎముకలో చూడలేదు. ఫ్లోరిన్‌ను ఇంజనీర్ల సమస్య అనుకుని వదిలేశాం. మా పత్రికల్లో శ్రమజీవి శరీరాన్ని ఉక్కు అనీ కొండ అనీ రాసుకున్నాం. ఆ ఉక్కు నడుముకు రాత్రిళ్ళు నిద్ర పట్టదని రాయలేదు.

ఈ కోఠి పరిసరాలకు వైద్య పరిశోధన కొత్త కాదు. సుల్తాన్ బజార్‌ను 1933లో నిజాంకు తిరిగి అప్పగించేదాకా రెసిడెన్సీ బజార్లు అనేవారు. రెసిడెన్సీ సర్జన్ లారీ 1888, 89లలో క్లోరోఫాం కమిషన్లు నడిపింది ఈ నగరంలోనే. ఇక్కడికి దగ్గర్లోనే ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో మన పిల్లలకు బడి పెట్టాడు. ఒకే చుట్టుపక్కల ఒకరు ఒంటిని చదివారు, ఒకరు ఒళ్ళు వంచుకుని బతికేవాళ్ళకు చదువు చెప్పారు. రెండూ కలవలేదు.

కలిసే చోటు ఒకటి మాకు ఫుట్‌పాత్ మీద కనపడింది. గోనియోమీటర్ కొన్నరోజే బడీచౌడీ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాం. తెగిన చెప్పు తీసుకుని, తిప్పి అడుగు చూసి, "ఎడమ కాలు లోపలికి వేస్తవు గదా, మోకాలు నొస్తదా?" అన్నాడు మాలో ఒకరితో. నిజమే, నొప్పి వుంది. చెప్పు అరుగుదలను బట్టి నడకను పసిగట్టడం డాక్టర్ల పుస్తకాల్లో కూడా వుంది. ఆరె, రంపె పట్టిన చేతికి అది తరతరాల నుంచి తెలుసు. దాన్ని ఎవరూ పరిశోధన అనలేదు. 1968లో జైపూర్‌లో తయారైన రబ్బరు పాదం సంగతి ఇట్లాంటిదే. చెప్పుల్లేకుండా నడవడానికి, గొంతుకూర్చోవడానికి, బాసింపట్టు వేయడానికి పనికొచ్చే ఆ పాదం వెనక డాక్టర్ సేథీతో పాటు రామచంద్ర శర్మ అనే పనివాడి చేతులున్నాయి. మెగసెసే బహుమతి 1981లో డాక్టరుకు వచ్చింది.

మేం గోనియోమీటర్ తీసుకుని పెద్దమ్మ వాడకు వెళ్ళాం. రెండు రోజులు కొలతలు తీశాక దాన్ని సంచిలో పెట్టేసి ఆడవాళ్ళనే అడిగాం: మీ నడక పోయిందని మీరెట్లా తెలుసుకుంటారు? వాళ్ళు చెప్పినవి రాసుకున్నాం. నిండు బిందె నేల మీంచి చంక మీదికి ఎత్తుకోవడం. ఎత్తిన గంపను ఎవరి సాయమూ లేకుండా దించడం. పొద్దంతా నాటు వేసి సాయంత్రం నిటారుగా నిలబడడానికి ఎంతసేపు పట్టేదీ. ఒడ్డు మీద తడి కాళ్ళతో నడవడం. చీకట్లో బయటికి పోయి, కూర్చుని, పట్టుకోడానికి ఏమీ లేకుండా లేవడం. మనవడిని ఎత్తుకోవడం. బస్సు మొదటి మెట్టు. దీనికి ఎక్కువ మార్కులు వేయాలని పెద్దమ్మ పట్టుబట్టింది, దవాఖానకు పోవాలన్నా అదే ఎక్కాలి కాబట్టి. పదకొండు పనులు వచ్చాయి. ఏ పనికి ఎన్ని మార్కులన్నది ఇంకా తేలలేదు. మొగవాళ్ళ పట్టిక వేరేగా కావాలా అన్న దాని మీద మాలోనే తగాదా వుంది. ఈ పట్టికను ముగ్గురు ఎముకల డాక్టర్లకు చూపించాం. ఒకాయన బరువు ప్రతిచోటా ఒకేలా వుండాలి, లేకపోతే పోల్చలేం అన్నాడు. సరైన మాట. నిండు బిందె ఎన్ని కిలోలు తూగుతుందో ఇప్పుడు తూకం వేస్తున్నాం. మర్రిగూడ వైపు బిందెలు, కనిగిరి వైపు బిందెలు ఒక సైజువి కావు. అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ వాడలో వాడే బిందెను నిండా నింపి, తూకం వేసి మాకు రాసి పంపితే పని ముందుకు సాగుతుంది.